సీటీ స్కాన్ గదిలో రాత్రి డ్యూటీ: పగటి నిద్ర నాలుగు గంటలకే తెగిపోతుంటే అది నీ చేతకానితనమా?

తమ్ముడూ అంటున్నాను, ఏమీ అనుకోకు. నీ వయసు పిల్లలు నలుగురు నా కింద పనిచేస్తున్నారు, అందుకే నోటికి అలా వచ్చేసింది. నేను రేడియోగ్రాఫర్‌గా, అంటే ఎక్స్‌రేలు, స్కానులు తీసే టెక్నీషియన్‌గా చేరింది 2001లో. డార్క్ రూమ్‌లో హైపో వాసన పీలుస్తూ ఫిలిములు కడిగిన కాలం అది. తర్వాత పదకొండేళ్ళు సీటీలో రాత్రులు చేశాను, ఇప్పుడు ఇన్‌ఛార్జిగా రోస్టర్ (ఎవరికి ఏ డ్యూటీ అన్న పట్టిక) వేస్తున్నాను. కాబట్టి రోస్టర్ వల్ల పడ్డ కష్టమూ తెలుసు, దాన్ని వేయడంలో ఉండే కష్టమూ తెలుసు.

నువ్వు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఏడు రాత్రులు వరసగా, రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా డ్యూటీ. ఒక్కరోజు ఆఫ్, ఆ మర్నాడే మార్నింగ్ షిఫ్టు. హాస్టల్ గదిలో పగలు నాలుగు గంటలకు మించి నిద్ర పట్టదు. మొన్న తెల్లవారుజామున ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లలో ఒకరికి బదులు ఇంకొకరిని టేబుల్ ఎక్కించావు, వార్డు బాయ్ చూసి ఆపాడు. అదే వారం హెచ్‌ఆర్ వాళ్ళు ‘రెజిలియెన్స్’ క్లాసు పెట్టి, ఆరు ప్రశ్నల కాగితం నింపించి, నీకు మార్కులు తక్కువొచ్చాయన్నారు. నేను బలహీనుణ్ణా, రేడియేషన్ వల్లే నిద్ర పోయిందా, ఉద్యోగం మానేయాలా అని మూడు ప్రశ్నలు అడిగావు.

రేడియేషన్ సంగతి ముందు తేల్చేద్దాం. మన వాళ్ళలో ఈ భయం పాతదే. నేను చేరిన కొత్తలో సీనియర్ ఒకాయన రోజూ బెల్లంముక్క నోట్లో వేసుకుని, “కిరణాల వేడికి నిద్ర ఎగిరిపోతుందమ్మా, ఇదే విరుగుడు” అనేవారు. బెల్లం తినడంలో తప్పేమీ లేదు గాని, కిరణాలను ఆపే లెడ్ గ్లాసు వెనక కన్సోల్ దగ్గర కూర్చునేవాడికి చేరే మోతాదు నిద్రను చెడగొట్టేంత ఉండదు. మన దేశంలో రేడియేషన్ పనివాళ్ళకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన హద్దు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. నీ ఒంటికి చేరిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి రిపోర్టు మూడు నెలలకోసారి వస్తుంది, అడిగి చూసుకో, అది నీ హక్కు. అందులో అంకె చూశాక ఈ భయం నీకు నువ్వే వదిలేస్తావు. రిపోర్టు చూపించడానికి ఎవరైనా నసిగితే అది వేరే సమస్య, దాన్ని మాత్రం వదలకు.

ఇక నాలుగు గంటల సంగతి. పగలు నిద్ర మధ్యలో తెగిపోవడం నీ ఒక్కడికే జరిగేది కాదు. నిద్రను రెండు నడుపుతాయి. ఒకటి, మేలుకున్న ప్రతి గంటకూ పేరుకుపోయే నిద్ర ఒత్తిడి. రెండోది, వెలుతురును చూసి టైము సరిచేసుకునే ఒంటి గడియారం. ఆ గడియారం లోపల ఎలా తిరుగుతుందో కనిపెట్టిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో వైద్యరంగంలో నోబెల్ ఇచ్చారు. పొద్దున తొమ్మిదింటికి నువ్వు పక్క మీద వాలేసరికి నిద్ర ఒత్తిడి బోలెడుంటుంది, అందుకే వాలగానే పడుతుంది. నాలుగు గంటలకు ఆ ఒత్తిడి సగానికి పైగా తీరిపోతుంది. అప్పటికి బయట మధ్యాహ్నం, ఒంటి గడియారం ‘ఇది మెలకువ వేళ’ అని గట్టిగా చెబుతుంటుంది. రాత్రిపూట అదే గడియారం నిద్రను పట్టి ఉంచుతుంది, పగలు అదే తట్టి లేపుతుంది. వారం రాత్రులు చేసినంత మాత్రాన అది తలకిందులైపోదు, ఎందుకంటే నువ్వు రోజూ పొద్దున ఎండలోనే ఇంటికి వెళ్తున్నావు, ఆఫ్ రోజున మామూలు మనిషిలా తిరుగుతున్నావు.

ఆ గడియారమే తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఒంటి వేడిని అడుగుకు దించుతుంది. సరిగ్గా ఆ వేళకే హైవే మీద యాక్సిడెంట్ కేసులు దిగుతాయి. స్ట్రోక్ పేషెంటు వస్తే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు ముంచుకొస్తుంటుంది, డ్యూటీ డాక్టరు ఫోన్ మీద ఫోన్ చేస్తాడు. అదే సమయంలో నువ్వు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి, అలర్జీ అడగాలి, కాన్యులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) సరిగ్గా ఉందో లేదో చూసి, స్కాను మందు ఎక్కించే ఇంజెక్టర్ ప్రెషర్ పెట్టాలి. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక పోలిక కట్టారు. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చేతి-కంటి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. 24 గంటలకు అది సుమారు 0.10 శాతం ఉన్నవాడితో సమానమైంది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. నువ్వు మధ్యాహ్నం ఒంటిగంటకు లేచి, మళ్ళీ కునుకు తీయకుండా డ్యూటీకి వచ్చావనుకో, పొద్దున ఆరింటికి నీకు 17 గంటలు నిండిపోతాయి. ఇంకో రెండు గంటల డ్యూటీ, ఆపైన హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి నడపడం మిగిలే ఉంటాయి.

నా కథ ఒకటి చెబుతాను. 2009లో వరసగా ఆరో రాత్రి. నాలుగింటికి ఐసీయూలో పోర్టబుల్ ఎక్స్‌రే తీసి, ఎడమను చూపే ‘ఎల్’ మార్కరు పెట్టాల్సిన చోట కుడిని చూపే ‘ఆర్’ పెట్టాను. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన కేసు, గొట్టం వేయాలి. ఫిలిము వ్యూబాక్సు మీద పెట్టిన డ్యూటీ డాక్టరు ఒక్క నిమిషం చూసి, “సిస్టర్, ఈయనకు గుండె కుడివైపుందా?” అన్నాడు. తర్వాత స్టెత్ పెట్టి విని సరిచేసుకున్నాడు. మూడు రోజులు అన్నం సహించలేదు నాకు. అప్పుడు నేనూ అనుకున్నది నువ్వు అనుకున్నదే, నేను ఈ పనికి తగనని. పదేళ్ళ తర్వాత రోస్టర్ వేయడం నా చేతికొచ్చాక పాత తప్పుల పుస్తకం తిరగేశాను. మార్కరు తప్పులు, పేరు తప్పులు, రిపీట్ చేసిన ఫిల్ములు ఎక్కువగా ఏ మనిషికీ అంటుకుని లేవు. ఒక వేళకు అంటుకుని ఉన్నాయి. మనుషులు మారినా వేళ మారలేదు.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు, కాదు, నువ్వు బలహీనుడివి కాదు. కానీ మొన్న జరిగినదాన్ని ‘అదృష్టం బాగుంది’ అని మూసేయకు. రాతపూర్వకంగా రిపోర్టు చెయ్యి, టైము రాయి, అది వరసలో ఎన్నో రాత్రో కూడా రాయి. ఆ వార్డు బాయ్‌కి టీ ఇప్పించు.

ఇప్పుడు ‘రెజిలియెన్స్’. ఈ మాటను మన ఆసుపత్రుల్లో ఓర్పు అనే అర్థంలో వాడేస్తున్నారు. ఎంత వేసినా మోసేవాడికి రెజిలియెన్స్ ఎక్కువట! దాని అసలు అర్థం తేరుకోవడం. నీతో నింపించిన ఆరు ప్రశ్నల కాగితం నాకు తెలిసి 2008లో తయారైన చిన్న కొలబద్ద. అది అడిగేది కూడా కష్టం వచ్చాక ఎంత త్వరగా కోలుకుంటావనే, ఎంతసేపు భరిస్తావని కాదు. ఏడో రాత్రి దిగి వచ్చినవాడిని కూర్చోబెట్టి అది నింపిస్తే వచ్చేది వాడి స్వభావం కాదు, వాడి అలసట. నిద్రకూ నిబ్బరానికీ సంబంధం ఉందని చెప్పే సర్వేలు నర్సుల మీద, డాక్టర్ల మీద, మన ఇమేజింగ్ వాళ్ళ మీద కూడా ఉన్నాయి. చాలావాటిలో రెండింటినీ ఒకేసారి అడిగి కొలిచారు. నిబ్బరం ఉండబట్టి నిద్ర పట్టిందా, నిద్ర పట్టబట్టి నిబ్బరం నిలిచిందా అన్నది అలాంటి సర్వే తేల్చలేదు. నా ఇరవై ఏళ్ళ అనుభవం మాత్రం రెండోదాని వైపే మొగ్గుతుంది. నిద్రపోయి వచ్చిన మనిషి అరుపులు పడి కూడా నవ్వగలడు. నిద్రలేని మనిషి “ఏమండీ, ఇంకెంతసేపు?” అన్న మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు.

మన పనిలో తేరుకోవడానికి అడ్డుపడేది ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ క్లాసు పెట్టరు. బొమ్మ ముందుగా చూసేది మనం. మెదడులో రక్తం చిమ్మిందా, కాలేయం నిండా మచ్చలున్నాయా, స్క్రీన్ మీద స్లైసులు దిగుతుండగానే మనకు తెలిసిపోతుంది. చెప్పే అధికారం మనకు లేదు, ఉండకూడదు కూడా. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, అంటే బొమ్మ చదివే డాక్టరు. తలుపు తీయగానే ఎదురుగా ఆ పేషెంటు భార్యో, తండ్రో. “ఏముందండీ?” అని మొహం వెతుకుతారు. “రిపోర్టు వచ్చాక డాక్టరుగారు చెబుతారండీ” అని మామూలు గొంతుతో అనాలి. రాత్రికి పదిసార్లు అంటే పదిసార్లు ఆ నటన. తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో నర్సుకు తెలుస్తుంది, డాక్టరుకు తెలుస్తుంది, మనకు తెలియదు. సగంలో తెగిన కథలు తలలో వేలాడుతుంటాయి. పక్క మీద పడుకున్నాక తిరిగేవి అవే. నాకు ఒక ఐదేళ్ళ పాప స్కాను ఇప్పటికీ గుర్తుంది, ఆ రాత్రి వాళ్ళ నాన్న చెప్పులు లేకుండా వచ్చాడు.

దీనికి నేను కనిపెట్టిన చిట్కా చిన్నది. వారానికి రెండు మూడు కేసులు, మనసును పట్టుకున్నవి, మా రేడియాలజిస్టును అడుగుతాను: “మేడమ్, ఆ మంగళవారం రాత్రి కేసు ఏమైంది?” ఆమె విసుక్కోకుండా చెబుతారు. మంచి కబురే ఉండాలని లేదు, కథ ముగిస్తే చాలు. తర్వాత నెలకోసారి పావుగంట టెక్నీషియన్లందరికీ చెప్పడం మొదలుపెట్టాం. మీ దగ్గర అంత మర్యాద లేకపోతే, హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) ఇచ్చేటప్పుడు పొద్దుటి డ్యూటీవాడితో ఐదు నిమిషాలు నోరు విప్పు. మెషీను సంగతులతో పాటు “ఈ రాత్రి ఇది చూశాను” అని కూడా చెప్పు. ఇంటికి మోసుకెళ్ళేది కొంత అక్కడే దిగుతుంది.

రోస్టర్ గురించి. అసలు మందు ఇక్కడే ఉంది. వరసగా ఏడు రాత్రులు, పన్నెండేసి గంటల చొప్పున అంటే 84 గంటలు. నేను వచ్చాక వరసగా మూడు రాత్రులకు మించి వేయడం మానేశాను. షిఫ్టు మారడం ఎప్పుడూ ముందుకే, మార్నింగ్ తర్వాత ఈవెనింగ్, ఈవెనింగ్ తర్వాత నైట్. ఒంటి గడియారం ఆలస్యంగా పడుకోవడానికి ఒప్పుకుంటుంది గాని ముందుగా పడుకోమంటే మొరాయిస్తుంది. ఐరోపా యూనియన్ 2003 నాటి పనివేళల ఆదేశంలో ప్రతి 24 గంటల్లో 11 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలని రాసుకున్నారు. మన ప్రైవేటు ఆసుపత్రికి అది వర్తించదు, అయినా రోస్టర్ వేసేటప్పుడు నేను ఆ పదకొండూ లెక్కపెడతాను. రాత్రుల నుంచి దిగినవాడికి ఒక్కరోజు ఆఫ్ ఇచ్చి మర్నాడు మార్నింగ్ వేయడం అన్నిటికన్నా పాపం. ఆ ఒక్కరోజులో సగం నిద్రకే పోతుంది, రాత్రి మళ్ళీ నిద్ర రాదు, పొద్దున ఆరింటికే అలారం.

మార్పు చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారనుకోకు. మా దగ్గర ఇద్దరు ఒక నెల నాతో మాట్లాడలేదు. ఒకాయనకు సొంతూళ్ళో పొలం ఉంది, వారం రాత్రులు చేసి మూడు రోజులు ఊరెళ్ళడం ఆయనకు అలవాటు. ఆయన బాధ అబద్ధం కాదు. అందుకే రోస్టర్ మార్చమని అడిగేటప్పుడు నీ ఒక్కడి కష్టంగా కాకుండా మీరంతా కూర్చుని, ఎవరికి ఏది కుదురుతుందో రాసుకుని, పేషెంటు భద్రత అనే మాట పైన పెట్టి, కాగితం మీద అడగండి. తప్పుల పుస్తకంలో టైములు జతచెయ్యండి. నోటితో అడిగితే “అందరూ చేస్తున్నారుగా” అంటారు. అంకెలు పెడితే కనీసం క్వాలిటీ వాళ్ళు చదువుతారు.

రోస్టర్ మారేదాకా నీ చేతిలో ఉన్నవి కొన్ని. రాత్రి రెండు గంటలు దాటాక టీ, కాఫీ బంద్. కెఫీన్ సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, నాలుగింటికి తాగిన టీ తొమ్మిదింటికి నీ దిండు పక్కనే ఉంటుంది. రాత్రి ఇద్దరుంటే ఒంటిగంట, మూడు మధ్య చెరో ఇరవై నిమిషాలు కునుకు తీయండి, అలారం పెట్టుకుని. గంట పడుకుంటే గాఢనిద్రలోంచి లేచి మరింత మొద్దుబారతావు. లేచాక పది నిమిషాలు మొహం కడుక్కుని తిరిగాకే పేషెంటును ముట్టుకో. ఒక్కడివే ఉంటే కునుకు ఆలోచనే వద్దు, అప్పుడు ఒక్కడినే ఎందుకు వేశారని అడగాలి. మూడు దాటాక ప్రతి కేసుకీ పేరు, ఐడీ నంబరు, ఏ వైపు అన్నది పైకి చదువు. సిగ్గుపడకు. పేషెంటు చేతే పేరు చెప్పించు, “మీరు ఫలానానేనా?” అని అడగకు, మత్తులో ఉన్నవాళ్ళు దేనికైనా ఊ అంటారు. ఎంఆర్‌ఐ కూడా నీ మీదే పడితే తలుపు దగ్గర ఇంకా జాగ్రత్త. స్కాను లేకపోయినా మాగ్నెట్ ఆన్‌లోనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో ఆక్సిజన్ సిలిండర్‌తో లోపలికి వెళ్ళిన పేషెంటు బంధువు ప్రాణమే పోయింది. అక్కడ నిద్రలేమి కారణమని నేననడం లేదు. ఆ గది గుమ్మం దగ్గర ఏమరుపాటుకు రెండో అవకాశం ఉండదని చెబుతున్నాను.

డ్యూటీ దిగాక బండి వద్దు. మెట్రోనో, బస్సో, షేర్ ఆటోనో చూసుకో. హాస్టల్లో పగటి నిద్ర నరకమే, నాకు తెలుసు. మా ఇంట్లో కుక్కర్ విజిళ్ళు, కూరగాయల బండి మైకు, “పడుకున్నావా అమ్మా?” అని అడగడానికే లేపే అత్తగారు ఉండేవారు. నీకు రూమ్మేట్ల వీడియోలు ఉంటాయి. వీలైతే నైట్ డ్యూటీ చేసేవాళ్ళే ఉన్న గదికి మారు. నర్సింగ్, ల్యాబ్ పిల్లలు దొరుకుతారు. కిటికీకి నల్లగుడ్డ, చెవికి దూది కాకుండా ఫార్మసీలో దొరికే ఇయర్‌ప్లగ్‌లు. నాలుగు గంటలకే మెలకువ వస్తే దానితో కుస్తీ పట్టకు. లేచి తిను, మళ్ళీ సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా పడుకుని డ్యూటీకి వెళ్ళు. రెండు ముక్కలైనా మొత్తం కలిసొస్తుంది. ఒంటిగంటకు లేచి అలాగే రాత్రంతా ఈడ్చడమే ప్రమాదం. రాత్రి రెండింటికి ఆర్డర్ పెట్టే బిర్యానీ కూడా మానుకో, పొట్టకూ తన గడియారం ఉంది, ఆ వేళ దానికి రాత్రే.

ఆల్‌ప్రాజోలం (ఆందోళన తగ్గించి మత్తు తెచ్చే మాత్ర) సంగతి గట్టిగా చెబుతున్నాను. ఆసుపత్రిలో ఉన్నాం కాబట్టి చేతికందుతుంది, ఎవరో ఒకరు “సగం వేసుకో, హాయిగా పడుతుంది” అంటారు. అలా మొదలైన మనిషిని ఒకరిని మూడేళ్ళు చూశాను. డాక్టరు రాయకుండా ముట్టుకోకు. పొద్దున పడుకునే ముందు మద్యం తాగడం కూడా అంతే, అది నిద్రను తెస్తుంది, మధ్యలో తుంచుతుంది.

నిద్ర ఎంత చెడిందో కొలుచుకోవాలంటే 1989 నుంచి వాడుతున్న పిట్స్‌బర్గ్ ప్రశ్నావళి ఉంది. మొత్తం 21 మార్కులు, 5 దాటితే నిద్ర బాగాలేనట్టు. మనలాంటి వాళ్ళకు దానితో ఒక చిక్కు ఉంది. గత నెలలో మామూలుగా ఎన్నింటికి పడుకున్నారని అడుగుతుంది. మనకు మామూలు ఎక్కడుంది? అందుకే రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో పడుకున్న టైము, లేచిన టైము, డ్యూటీ, టీలు రాయి. ఆఫ్ రోజుల్లో రాత్రి బాగా పడితే తప్పు షిఫ్టుదే. ఆఫ్ రోజుల్లో కూడా వారానికి కనీసం మూడు రాత్రులు పట్టకుండా, మూడు నెలలు అలాగే సాగితే అది జబ్బు కింద లెక్క, డాక్టరును కలువు. దానికి మొదటి వైద్యం మాత్ర కాదు, నిద్ర అలవాట్లనూ ఆలోచననూ సరిచేసే చికిత్స. గురక గట్టిగా ఉండి, ఎంత పడుకున్నా తూలుతుంటే స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) పరీక్ష చేయించు. దిగులు, బతుకు మీద విరక్తి లాంటివి తోస్తే ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, ఎవరికీ చెప్పరు.

మానేయాలా అన్నదానికి జవాబు నేను చెప్పలేను. ఒక్క మాట, రాత్రుల వరస చివర్లో రాజీనామా రాయకు. రెండు రాత్రులు ఇంట్లో పడుకున్నాక కూడా అదే అనిపిస్తే అప్పుడు రాయి. ఈలోగా పగటి ఓపీ ఎక్స్‌రేకో, డయాగ్నస్టిక్ సెంటరుకో మారే దారి ఉందేమో చూడు. జీతం కాస్త తగ్గొచ్చు. రాత్రులు కొందరి ఒంటికి ఎప్పటికీ సరిపడవు, అది పాలు పడకపోవడం లాంటిదే.

మీ సీటీలో మొత్తం ఎంతమంది ఉన్నారో, రాత్రికి ఒక్కరా ఇద్దరా, మెషీన్లు ఎన్నో రాయి. ఐదుగురుంటే మూడేసి రాత్రుల చొప్పున నెల రోస్టర్ గీసి పంపుతాను. నలుగురే అయితే కొంచెం తిప్పలు పడాలి, అయినా కుదురుతుంది, మా దగ్గర కుదిరింది.